ఖర్జూర చెట్టు వద్దన్న ఖర్జూరాల కంపెనీ

షార్జాలో గానీ దుబాయ్‌లో గానీ ఏ వీధిలో నిలబడి బోర్డులు చూసినా అవే బొమ్మలు. ఒంటె, డేగ, తెరచాప పడవ, దల్లా అనే కాఫీ కూజా, ఖర్జూర చెట్టు. టైర్ల షాపుకీ డేగే, ట్రావెల్స్‌కీ డేగే. ఇక్కడి అడ్వర్టైజింగ్ ఆఫీసుల్లో డిజైనర్లుగా పనిచేసేవాళ్లం ఈ ఐదింటినే తిప్పి తిప్పి గీసుకుంటూ ఏళ్లు గడిపేయొచ్చు. చాలామంది క్లయింట్లు అడిగేదీ అదే. కానీ పోయినేడాది మా దగ్గరికి వచ్చిన ఖర్జూరాల వ్యాపారి మొదటి మీటింగ్‌లోనే చెప్పేశారు, చెట్టు వద్దని. పండు బొమ్మ కూడా వద్దు. అయినా చూడగానే ఖర్జూరం గుర్తుకు రావాలి, అదీ ఎమిరేట్స్ ఖర్జూరం అని తెలియాలి. సౌదీదో ఇరాన్‌దో అనుకోకూడదు.

ఆయన అడిగింది న్యాయమే. ఇక్కడివాళ్లకి ఖర్జూరం అంటే మనకు వరిలాంటిది. అల్ ఐన్ ఒయాసిస్‌లోనే లక్షకు పైగా చెట్లున్నాయి, భూగర్భంలోంచి ఫలజ్ కాలువల్లో వచ్చే నీటితో పెరుగుతాయి. అబుదాబి ఎడారిలోని లివాలో ఏటా ఎండాకాలంలో పండుగ చేసి ఖర్జూరం గెలలకు పోటీలు పెడతారు. ఖర్జూరం చుట్టూ ఉన్న జ్ఞానాన్ని, నైపుణ్యాలను యునెస్కో 2019లో వారసత్వ జాబితాలో చేర్చింది. యూఏఈతో కలిపి పద్నాలుగు దేశాలు కోరితే ఇచ్చిన గుర్తింపు అది. ఇంత చరిత్ర ఉన్న పంటకు బజార్లో దొరికే చెట్టు బొమ్మ అతికిస్తామంటే ఆ ఇంటి మనిషికి ఎలా ఉంటుంది?

మాది చిన్న ఆఫీసు. మేనేజర్ మలయాళీ, నాతో పాటు డిజైన్ చేసేది ఒక ఫిలిప్పీన్స్ అమ్మాయి, అరబిక్ అక్షరాల పనంతా సూడాన్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన చూసుకుంటారు. ఆయన్ని మేమందరం ఉస్తాద్ అనే పిలుస్తాం. ఇక్కడ దుకాణం బోర్డు మీద అరబిక్ ఉండి తీరాలి. అందుకని ప్రతి లోగో రెండు భాషల్లో, రెండు దిక్కుల నుంచి చదివేలా చెయ్యాలి. హైదరాబాద్‌లో అను ఫాంట్స్‌తో తెలుగు పేజీలు కట్టిన నాకు, మన లిపి తెలియని సాఫ్ట్‌వేర్‌లో పెడితే వత్తులు ఎలా చెల్లాచెదురు అవుతాయో బాగా తెలుసు. అరబిక్‌ది ఇంకో రకం బాధ. సెట్టింగ్ సరిగ్గా లేకపోతే కలిసి ఉండాల్సిన అక్షరాలు విడిపోయి, తిరగేసిన వరసలో వచ్చి కూర్చుంటాయి. అలా అచ్చయిన బోర్డులు ఇప్పటికీ అక్కడక్కడా కనబడతాయి. ఉస్తాద్ వాటిని చూసి నిజంగా బాధపడతారు.

అయితే ఈ పని ఆగింది అక్షరాల దగ్గర కాదు. అసలు ఆలోచనే రాలేదు.

డిజైన్ పనిలో ఉన్నవాళ్లకి ఈ స్థితి చెప్పనక్కర్లేదు. పింటరెస్ట్ తెరుస్తాం, బిహాన్స్ తెరుస్తాం, ఖర్జూరం లోగో అని కొడతాం. వందల బొమ్మలు వచ్చి పడతాయి. గంటసేపు చూశాక మన చేతిలోంచి వచ్చే ప్రతి గీతా వాటిలో ఏదో ఒకదాని నకలే అవుతుంది. ఏఐతో ప్రయత్నించమన్నాడు మేనేజర్. అది బంగారు రంగు చెట్టునే రకరకాలుగా వేసి ఇచ్చింది. అంతవరకు నెట్‌లో ఉన్నవన్నీ అవే కాబట్టి అదింకేం ఇస్తుంది?

పరాయి దేశంలో ఇలా ఆగిపోవడంలో ఇంకో భయం కూడా కలుస్తుంది. మన వీసా కంపెనీ చేతిలో ఉంటుంది. క్లయింట్ వెళ్లిపోతే మేనేజర్ ముఖం మారుతుంది, మేనేజర్ ముఖం మారితే మనకు ఆ రాత్రి నిద్ర పట్టదు. ఇంటికి డబ్బు పంపాల్సిన తేదీ మాత్రం ఎవరి కోసమూ ఆగదు. పోనీ రూమ్‌కి వెళ్లి ప్రశాంతంగా గీసుకుందామంటే, బెడ్ స్పేస్‌లో ఉండేవాడికి టేబుల్ ఎక్కడిది? మంచం మీద కూర్చుంటే నెత్తికి పై మంచం తగులుతుంది. తెల్లవారుజామున డ్యూటీకి వెళ్లేవాళ్లు ఉంటారు కాబట్టి పదింటికల్లా లైటు ఆర్పేయాలి. నేను కింద కెఫెటేరియాలో ఒక కరక్ చాయ్ పెట్టుకుని నోట్‌బుక్‌లో గీసేవాణ్ణి. ఆ టెన్షన్‌లో గీసినవన్నీ టెన్షన్‌లాగే ఉన్నాయి. గీతలు బిగుసుకుపోయి, ఒకదాని మీద ఒకటి ఎక్కేసి.

దారి చూపింది మొదట ఉస్తాదే. ఒకరోజు మధ్యాహ్నం భోజనం అయ్యాక నా స్క్రీన్ ఆపేయమన్నారు. రెల్లు కలం, సిరా తీసి కాగితం మీద ఒక చుక్క పెట్టారు. అది గుండ్రంగా లేదు. ఏటవాలుగా నరికిన కలం మొనను కాగితం మీద పెట్టి కొద్దిగా లాగితే పడే చుక్క, మూల మీద నిలబెట్టిన చదరంలా ఉంటుంది. అరబిక్ రాతకి కొలబద్ద ఆ చుక్కే. పదో శతాబ్దంలో బాగ్దాద్‌లో వజీరుగా చేసిన ఇబ్న్ ముక్లా ఈ లెక్క పెట్టాడని చెప్పారు. సులుస్ శైలిలో అలిఫ్ అక్షరం ఎత్తు ఏడు చుక్కలు. ఏ కలంతో రాస్తే ఆ కలం చుక్కే కొలత, అందుకే అక్షరం చిన్నదైనా పెద్దదైనా అందం చెడదు.

"బొమ్మ సంగతి తర్వాత చూద్దువుగానీ, ముందు వాళ్ల పేరు రాయి. రాస్తూ ఉండు," అన్నారు.

కంపెనీ పేరులో తా అక్షరం ఉంది. దాని నెత్తి మీద రెండు చుక్కలు. ఆ వారమంతా తీరిక దొరికినప్పుడల్లా ఆయన చూపించినట్టు ఆ పేరే రాశాను. చెయ్యి కొంచెం కుదిరింది గానీ, లోగో మాత్రం రాలేదు.

ఆ రోజుల్లోనే షార్జా హెరిటేజ్ డేస్ మొదలయ్యాయి. పాత షార్జాలో, కోట చుట్టుపక్కల సందుల్లో ఏటా జరిగే ఉత్సవం. రోలా నుంచి నడిచి వెళ్లిపోవచ్చు. సెలవురోజు సాయంత్రం రూమ్‌మేట్స్‌తో కలిసి పాటలు విందామని వెళ్లాను. అక్కడ ఒక పందిరి కింద ముసలావిడ ఒకామె నేల మీద కూర్చుని ఖర్జూరపు ఆకులు అల్లుతోంది. ముఖానికి ఇక్కడి పెద్దవాళ్లు పెట్టుకునే బంగారు మెరుపు బుర్ఖా. పక్కన ప్లాస్టిక్ బకెట్లో నీళ్లు, అందులో నానుతున్న ఆకులు. కొన్నింటికి గులాబీ రంగు, కొన్నింటికి ఆకుపచ్చ. ఈ అల్లికను ఖూస్ అంటారు.

రూమ్‌మేట్స్ పాటల దగ్గరికి వెళ్లిపోయారు, నేను అక్కడే నిలబడిపోయాను. ఆమె అల్లే పట్టీ నాలుగు వేళ్ల వెడల్పు ఉంటుంది. ఎడమ బొటనవేలితో పట్టీని నొక్కి పట్టుకుని, కుడి చేత్తో చివరి ఆకును మడిచి ఒకదాని కిందుగా, ఇంకోదాని మీదుగా పోనిస్తుంది. ఆకు అయిపోవస్తుంటే ముడి వెయ్యదు. పాతదాని కొస ఇంకా ఉండగానే దాని కింద కొత్త ఆకు దూర్చేసి, రెండింటినీ కలిపి రెండు మడతలు నడిపిస్తుంది. అతుకు ఎక్కడ పడిందో వెతికినా దొరకదు. చూపు మాత్రం పట్టీ మీద లేదు, పక్కావిడతో మాట్లాడుతూనే ఉంది. అలా మూరలకు మూరలు అల్లిన పట్టీని చుట్టలు తిప్పుతూ కుట్టేస్తే బుట్ట అవుతుంది, అన్నం మీద కప్పే మూత అవుతుంది, కింద పరిచే చాప అవుతుంది.

నాకు మా ఊరు గుర్తొచ్చింది. జగిత్యాల వైపు మాది. ఈత చెట్టు, ఖర్జూర చెట్టు వృక్షశాస్త్రం లెక్కన ఒకే ప్రజాతివి, దగ్గరి చుట్టాలు. మా అమ్మమ్మ వాళ్లింట్లో ఈత చాప మీదే పడుకునేవాళ్లం. ఎరుకల వాళ్లు ఈత బరిగెలతో గంపలు అల్లి తెచ్చేవాళ్లు. లేచాక వీపు మీద చాప అచ్చు పడేది, ఏటవాలు గళ్లు. ఈ ముసలావిడ పట్టీ మీద ఉన్నవీ ఆ గళ్లే. ఆకులు ఏటవాలుగా పోయి ఏటవాలుగా తిరిగి వస్తాయి కాబట్టి ప్రతి గడీ మూల మీద నిలబడిన చదరం.

అంటే ఉస్తాద్ పెట్టిన చుక్క.

వెంటనే సంతోషం రాలేదు, ముందు కంగారు వచ్చింది. మర్చిపోతానేమోనని. ఆమెని సైగతో అడిగి పట్టీని మాత్రమే ఫోన్‌లో ఫొటో తీసుకున్నాను. అక్కడి వలంటీర్ అబ్బాయి ఇంగ్లిష్‌లో ఇంకో మాట చెప్పాడు. పూర్వం ఖర్జూరాలు దాచింది ఈ ఖూస్ సంచుల్లోనేనట. పాత కోటల్లో మద్బసా అనే గది ఉంటుంది. నిండిన సంచుల్ని అందులో ఒకదాని మీద ఒకటి పేర్చితే, ఆ బరువుకి పాకం కారి నేల మీది కాలవల వెంట వచ్చి కుండలో పడుతుంది. అంటే ఖర్జూరానికి మొట్టమొదటి ప్యాకింగ్ ఖర్జూరపు ఆకే. ఖర్జూరాల కంపెనీకి లోగో గీస్తున్నవాడికి ఇంతకన్నా ఏం కావాలి?

తర్వాతి పని కష్టమే గానీ భయం లేని కష్టం. మొదట పట్టీ మొత్తం గీశాను, బాగానే ఉంది. కానీ డబ్బా మూత మీద బంగారు ఫాయిల్‌తో కొట్టాలి. అంత సన్నని గీతలు దగ్గర దగ్గరగా ఉంటే ఫాయిల్ పూడుకుపోయి ముద్దవుతుంది. ఫోన్‌లో చిన్న గుర్తుగా పెట్టి చూస్తే ఫిలిప్పీన్స్ అమ్మాయికి అది వలలా కనబడిందట. ఒక్కో ఆకూ తీసేస్తూ పోయాను. చివరికి మిగిలింది తా నెత్తి మీది రెండు చుక్కలు. వాటిలో ఒక ఆకు కిందుగా, ఒకటి మీదుగా పోయినట్టు ఒకే ఒక్క సన్నని ఖాళీ. ఇంగ్లిష్ పేరులో ఐ మీది చుక్కనీ అదే గడీ చేశాం. ఇంగ్లిష్ అక్షరాల కొసల్ని ఉస్తాద్ కలం వాలుకి సరిపడేలా నరికాం. అరబిక్‌ని ఆయనే చేత్తో రాసిచ్చారు, నేను దాన్ని కంప్యూటర్‌లో వెక్టర్ చేశాను, అంటే ఎంత పెంచినా అంచు చెడని గీతలుగా మార్చాను. ఒక్క నలుపు రంగులో, చిన్న లేబుల్ మీద, లారీ పక్కన, ఎక్కడ పెట్టినా నిలబడింది.

దుబాయ్ ఎక్స్‌పో 2020 లోగో కథ అప్పుడు మళ్లీ చదివాను. దక్షిణాన ఎడారిలో సరూక్ అల్ హదీద్ అనే చోట తవ్వకాల్లో ఒక బంగారు ఉంగరం దొరికింది. దాన్ని చూసే ఆ లోగో రూపం తీసుకున్నారు, 2016లో విడుదల చేశారు. ప్రపంచం మొత్తాన్ని పిలిచే ప్రదర్శనకి కూడా గుర్తు ఇసకలో దొరికిన వస్తువులోంచే వచ్చింది. హైదరాబాద్ నుంచి, వరంగల్ నుంచి డిజైన్ నేర్చుకునే పిల్లలు నాకు అప్పుడప్పుడు మెసేజ్ పెడతారు, అన్నా, ఐడియా రావట్లేదు, మంచి సైట్లు చెప్పు అని. వాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. లోగో కోసం లోగోలు చూడకండి. ఆ సరుకు ఎక్కడ పండుతుందో, ఎవరు మోస్తారో, ఏ సంచిలో కడతారో వెళ్లి చూడండి. కొలిమి పనివాడి దగ్గర, మగ్గం దగ్గర, మార్కెట్ యార్డులో గంటసేపు నిలబడండి. కంప్యూటర్ తర్వాత తెరవొచ్చు.

క్లయింట్ మీటింగ్‌కి నేను స్లైడ్లతో పాటు ఉత్సవంలో కొన్న చిన్న ఖూస్ పళ్లెం తీసుకెళ్లాను. ముందు లోగో చూపించాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. మేనేజర్ నావైపు చూస్తున్నాడు. అప్పుడు పళ్లెం టేబుల్ మీద పెట్టి, రెండు చుక్కల్నీ ఒక గడి పక్కన ఉంచాను. ఆయన పళ్లెం అందుకుని, వాళ్ల నాయనమ్మ ఇలాంటి సంచుల్లో ఖర్జూరాలు తొక్కి నింపేదని, ఇంట్లో పిల్లలు పాకం కోసం వేళ్లు పెట్టి తిట్లు తినేవాళ్లని చెప్పడం మొదలుపెట్టారు. లోగో గురించి అడిగింది ఒక్కటే, చుక్కలు ఇంకాస్త దగ్గరికి జరపగలమా అని. ఉస్తాద్ ఒప్పుకోలేదు. అక్షరానికి దాని లెక్క దానికుందని ఆయనతో అరబిక్‌లోనే వాదించారు, నెగ్గారు.

ఇప్పుడు రంజాన్ గిఫ్ట్ బాక్సుల పని నడుస్తోంది. అట్టపెట్టె మీద అల్లిక బొమ్మ వేద్దామని మేం అన్నాం. క్లయింట్‌కి మాత్రం నిజం ఖూస్ బుట్టలే కావాలి, అల్లేవాళ్ల చేత చేయించాలి, కొన్ని వందలైనా చాలంటున్నారు. మేనేజర్ ధర లెక్కలు వేస్తున్నాడు. నేను ఆ బుట్టకి లేబుల్ ఎక్కడ కుట్టాలో చూస్తున్నాను, అల్లిక ఎక్కడా మూసుకుపోకుండా.