చెడిన స్టేటస్ ఫైలును నిలబెట్టిన తీరు

తిరుపతి కొర్లగుంటలో మా చిన్నాన్నకు చిన్న జిరాక్సు కొట్టు ఉంది. మొన్న సాయంత్రం గాలివానకు కరెంటు పోయిన సమయానికి, అక్కడి డెబియన్ (లినక్స్‌లో ఒక రకం) కంప్యూటర్లో అప్‌గ్రేడ్ నడుస్తూ ఉంది. కరెంటు తిరిగి వచ్చాక మిషను లేచింది గాని, ప్రోగ్రాములను దించి ఎక్కించే ఆప్ట్‌తో ఏ పని చేయబోయినా స్టేటస్ ఫైలును చదవలేకపోతున్నానంటూ ఆగిపోయేది. "అంతా చెరిపేసి మళ్ళీ ఎక్కిస్తే పోతుంది గదరా" అన్నారు చిన్నాన్న. నేను ఒప్పుకోలేదు. చెడింది ప్రోగ్రాములు కాదు, ఏ ప్యాకేజీ (ఒక ప్రోగ్రాము ఫైళ్ళ మూట) ఏ వెర్షన్‌లో ఉందో రాసుకునే చిట్టా, అంటే ఆ స్టేటస్ ఫైలు మాత్రమే. దాన్ని రాసేది డీపీకేజీ, ఆప్ట్ కింద ఉండి ప్యాకేజీలను ఎక్కించే ప్రోగ్రాము. పైగా అది ఎవరైనా తెరిచి చదువుకోగల మామూలు టెక్స్టు ఫైలు.

ముందుగా ఆ డీపీకేజీ ఫోల్డరునంతా, చెడినది చెడినట్టుగానే, పెన్‌డ్రైవులోకి నకలు తీశాను. ఇది చేయకుండా మరమ్మతుకు దిగకూడదన్నది నా పట్టుదల. తరువాత ఫైలును లెస్‌లో (టెక్స్టు చూపే ప్రోగ్రాములో) తెరిస్తే, ఒకచోట ప్యాకేజీ వివరణ మధ్యలోనే తెగిపోయి, అక్కడి నుండి కంట్రోల్-ఎట్ గుర్తులు తెర నిండా వరుసలు కట్టి కనిపించాయి; అవి సున్నా విలువ గల బైట్లు, అంటే అక్షరమేదీ లేని చోట్లు. పక్కనే ఉండే స్టేటస్-ఓల్డ్ అనే పాత నకలు కూడా పనికిరాకుండా ఖాళీగా ఉంది.

డెబియన్ ఈ ఫైలుకు రోజుకొకసారి, మార్పు జరిగి ఉంటేనే, వార్ అనే ఫోల్డరు కింద ఉండే బ్యాకప్స్ ఫోల్డరులో నకలు తీసి, చివరి ఏడింటిని దాచి ఉంచుతుంది. అయితే చెడిన ఫైలు కూడా మారిన ఫైలే కనుక, నేను వెళ్ళేసరికి పేరు చివర సున్నా అంకె గల, అన్నిటికన్నా కొత్త నకలు చెడినదే అయి ఉంది; మంచిది ఒకటో అంకెకు జరిగి, జీజిప్‌తో కుదించి ఉంది. దానిని విప్పి, అసలు ఫైలు స్థానంలో పెట్టాను.

ఇప్పుడు చిట్టా ఒక రోజు వెనుకబడి ఉంది. ఆ మధ్యలో ఏమేమి మారాయో డీపీకేజీ లాగ్‌లో వరుసగా ఉంటుంది కాబట్టి, దానిని దగ్గర పెట్టుకొని అప్‌గ్రేడ్‌ను మళ్ళీ నడిపాను. చిట్టాలో పాత వెర్షన్లే ఉన్నందున ఆప్ట్ ఆ ప్యాకేజీలన్నింటినీ తిరిగి దించి, ఫైళ్ళను కొత్తగా పరిచింది. ఫైళ్ళ జాబితా లేదని హెచ్చరిక వచ్చిన రెండింటిని విడిగా రీఇన్‌స్టాల్ చేశాను.

చివరగా, సగంలో ఆగిన ప్యాకేజీలను చూపే డీపీకేజీ ఆడిట్ నడిపితే ఒక్క పంక్తి కూడా రాలేదు, అంటే లోపమేదీ లేదు. ఫైళ్ళు అసలు వాటితో సరిపోతున్నాయో లేదో చూసే వెరిఫైలో మాత్రం కప్స్ (ప్రింటరును నడిపే ప్రోగ్రాము) సెట్టింగు ఫైలు ఒకటి మారినట్టు చూపింది. అది ప్రింటరును పక్క కంప్యూటరుకు కూడా అందేలా చిన్నాన్న మార్చుకున్నదే కాబట్టి, దాన్ని అలాగే ఉంచాను.