‘సమజైందా?’ అని అడిగితే చాలదు

జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) విద్యార్థినులను మొదటిసారి వార్డుకు తీసుకువెళ్లిన రోజున నేను వారికి ఒకే నియమం పెడతాను: రోగి ‘ఆ’ అని తలూపితే సరిపోయే ప్రశ్న ఏదీ వేయకూడదు. సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన సమయం అనే ఐదు సూత్రాలు వారికి అప్పటికే కంఠస్థమై ఉంటాయి, అడిగితే గడగడా అప్పజెబుతారు. అయితే మంచం పక్కన నిలబడినప్పుడు ఆ ఐదింటినీ నిలబెట్టేది మనం ప్రశ్న వేసే తీరేనని నేను నేర్చుకున్నది పాఠంలో కాదు, భయపడి.

నేను చదువుకునే రోజుల్లో ఆడవారి వార్డులో ఇద్దరు లక్ష్మమ్మలు ఉండేవారు. ఇన్సులిన్ నింపిన సిరంజిని ట్రేలో పెట్టుకుని వెళ్లి “లక్ష్మమ్మా?” అని పిలిచాను. “ఆ” అంటూ ఒకామె చేయి చాపింది. దూదితో చర్మం తుడుస్తుండగా పక్కన కూర్చున్న ఆమె కోడలు, “మా అత్తకు షుగర్ లేదు గదమ్మా, ఏం సూది ఇది?” అని అడిగింది. ఆ కోడలు ఆ పూట టీ తాగడానికి బయటికి వెళ్లి ఉంటే ఏమై ఉండేదో ఇప్పటికీ తలచుకోలేను. అప్పటి నుంచి పేరును నేను పిలవను, రోగి నోటితో చెప్పిస్తాను. మన దగ్గర పెద్ద వయసు ఆడవారు కొందరు భర్త పేరు నోట పలకరు కాబట్టి, రెండో గుర్తుగా భర్త పేరు అడిగి వారిని ఇబ్బంది పెట్టకుండా ఊరు, వయసు అడిగి, కేస్ షీట్‌లోని నంబరుతో సరిచూసుకోమని పిల్లలకు చెబుతాను.

ఇంటికి పంపేటప్పుడు చెప్పే మాటల విషయంలో ఈ నియమం మరింత అవసరమవుతుంది. మందుల పొట్లం చేతిలో పెట్టి, ఒక్క గుక్కలో అన్నీ చెప్పేసి, “సమజైందా తాతా?” అని అడిగితే కాలేదనే రోగి నల్లగొండలో నాకు ఇంతవరకు ఎదురు కాలేదు. నర్సమ్మ ముందు తెలియదని ఒప్పుకోవడానికి మొహమాటం ఒకటి, బస్సు వెళ్లిపోతుందన్న ఆదుర్దా ఒకటి వారిని తొందరపెడతాయి.

దేవరకొండ వైపు తండా నుంచి వచ్చే ఒక తాత సంగతి మా విద్యార్థినులందరికీ చెబుతాను. ఆయనకు పూటకు 20 యూనిట్ల ఇన్సులిన్ రాశారు. సూది మానలేదంటాడు, తిండి కూడా తగ్గించానంటాడు, షుగర్ మాత్రం దిగదు. మోతాదును 30 యూనిట్లకు పెంచారు. అయినా దిగలేదు. మూడోసారి వచ్చినప్పుడు మా రెండో సంవత్సరం అమ్మాయి, “తాతా, ఇంట్లో ఎట్ల తీసుకుంటవో నాకు ఒకసారి చూపియ్యి” అని సీసా ఆయన చేతికి ఇచ్చింది. ఆయన సంచిలోంచి సొంత సిరంజి తీశాడు. దాని మూత నారింజ రంగులో ఉంది.

మన దగ్గర మామూలుగా దొరికే ఇన్సులిన్ సీసాలో ఒక మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉంటాయి. దానికి తగిన సిరంజికి ఎర్ర మూత ఉంటుంది. నారింజ మూత సిరంజి మిల్లీలీటరుకు 100 యూనిట్లు ఉండే మందు కోసం చేసినది. ఆ సిరంజిలో 20 గీత దాకా తీస్తే వచ్చేది 0.2 మిల్లీలీటరు, అంటే తాత ఒంట్లోకి వెళ్లింది 8 యూనిట్లు. 30 గీత దాకా తీసినప్పుడు కూడా 12 యూనిట్లే వెళ్లాయి. “20 గీత దాకనే తీస్తున్న బిడ్డా, డాక్టరు సారు చెప్పిందే గద” అన్నాడాయన, అందులో ఆయన తప్పేమీ లేదు. ఊళ్లో దుకాణంలో ఎర్ర మూతవి అయిపోతే ఉన్నవి ఇచ్చారు. నన్ను ఎక్కువగా భయపెట్టింది మరొకటి: ఆ పెంచిన 30 గీతల లెక్కతోనే ఆయన మరుసటి నెల ఎర్ర మూత సిరంజి కొనుక్కుని ఉంటే, 12 యూనిట్లకు అలవాటుపడిన ఒంట్లోకి ఒక్కసారిగా 30 యూనిట్లు వెళ్లేవి. తారుమారైతే ప్రమాదం ఇంకా పెద్దది, 100 బలం ఉన్న మందును ఎర్ర మూత సిరంజిలో 20 గీత దాకా తీస్తే 50 యూనిట్లు వస్తాయి.

అందువల్ల ఇన్సులిన్ వాడేవారికి సీసా మీది అంకెను, సిరంజి మూత రంగును పక్కపక్కన పెట్టి చూపించాలి. చెమటలు పట్టినా, చేతులు వణికినా, గుండె దడ పుట్టినా వెంటనే మూడు టీ చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగాలని, స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏదీ పోయకుండా దవాఖానకు తీసుకురావాలని ఇంట్లోవారికి కూడా చెప్పాలి. “ఫ్రిజ్‌లో పెట్టండి” అని చెప్పే ముందు ఫ్రిజ్ ఉందో లేదో అడగాలి. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే ఈ జిల్లాలో ఫ్రిజ్ లేని ఇంటికి దారి మట్టి కుండే. కుండలో నీళ్లు పోసి, సీసాను నీరు చొరని డబ్బాలో పెట్టి అందులో ఉంచి, గాలి ఆడే నీడలో పెట్టుకోవచ్చునని తాతకు చెప్పాము. ఫ్రిజ్ ఉన్నవారు మాత్రం డీప్ ఫ్రీజర్‌లో పెట్టకూడదు, గడ్డకట్టిన ఇన్సులిన్ మళ్లీ కరిగినా పనికిరాదు.

“ఇంకేమైనా మందులు వాడుతున్నారా?” అన్న ప్రశ్నను కూడా నేను మాన్పిస్తాను. మర్రిగూడ, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిపోయిన తరం ఇంకా మన వార్డులకు వస్తూనే ఉంది. కీళ్ల నొప్పులకు వారు ఏళ్ల తరబడి దుకాణంలో కొనుక్కుని మింగే గోలి వారి లెక్కలో మందు కాదు. కాబట్టి ఆ ప్రశ్నకు లేదనే జవాబు వస్తుంది. “నొప్పులకు ఏం వేసుకుంటరు అవ్వా?” అని అడిగితే కొంగు ముడి విప్పి డైక్లోఫెనాక్ తీసి చూపిస్తారు. అది బీపీని పెంచుతుంది, కడుపులో పుండు పెడుతుంది, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఆ అవ్వకు మనం అప్పటికే బీపీ గోలీలు ఇస్తూ ఉంటాము.

ఈ నెల తెల్లగా ఉన్న బీపీ గోలి వచ్చే నెల మరో కంపెనీది పసుపు రంగులో రావచ్చు. పాతది మిగిలి ఉంటే రెండూ వేసుకునేవారు ఉన్నారు కాబట్టి, వచ్చిన ప్రతిసారీ ఇంట్లోని మందులన్నీ సంచిలో తెమ్మనాలి. పాలమూరు నుంచి పనికి బొంబాయి, పుణె పోయే టీబీ రోగిని “మందులు మానవు కదా?” అని అడగడం వృథా. “ఎప్పుడు పోతవు, ఎన్నడొస్తవు?” అని అడిగితేనే, టీబీ రోగుల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ పోర్టల్ నిక్షయ్‌లో అతని చికిత్సను ఆ ఊరికి మార్పించడానికి మనకు వ్యవధి దొరుకుతుంది. టీబీ మందుల్లో ఒకటైన రిఫాంపిసిన్ వల్ల మూత్రం ఎర్రగా వస్తుందని కూడా ముందే చెప్పకపోతే, మొదటి వారంలోనే భయపడి మానేస్తాడు.

ఇదివరకు మా విద్యార్థినులు తమ రికార్డులో “రోగికి వివరించబడినది, అర్థమైనదని చెప్పినారు” అని రాసేవారు. ఈ సంవత్సరం నుంచి ఆ వాక్యానికి నేను సంతకం పెట్టడం లేదు. తాత చివరిసారి వచ్చి వెళ్లిన రోజున ఆ అమ్మాయి ఇలా రాసింది: “ఎర్ర మూత సిరంజి తానే ఏరి తీసుకున్నారు. డాక్టరు మళ్లీ తగ్గించి రాసిన 12 యూనిట్లు నా ముందు తీసి చూపించారు. గాలి బుడగను తట్టి పంపించారు. కుండ సంగతి నేను అడగకముందే చెప్పారు.”