గతా వేరు, గాతస్ వేరు

నాకు పాల అలర్జీ. లాక్టోజ్ పడకపోవడం కాదు, పాలలోని ప్రొటీన్‌తోనే పేచీ. అందుకే లాక్టోజ్ తీసేసిన పాలూ కుదరవు, డాక్టర్ నెయ్యి కూడా వద్దన్నారు. మా ఇళ్లల్లో నెయ్యి లేని స్వీటు ఏముంటుంది? పెళ్లిళ్లలో స్వీట్ల వైపు చూడకుండా తిన్నగా పెరుగు లేని అన్నం దగ్గరికి వెళ్లిపోవడం అలవాటైపోయింది.

ఫిలిప్పీన్స్‌లోని దవావోలో మెడిసిన్ చదువుతున్న మేనకోడలు ఫోన్ చేసి, "అత్తా, ఇక్కడ స్వీట్లన్నీ కొబ్బరిపాలతోనే, వచ్చెయ్" అంది. సింగపూర్ మీదుగా వెళ్లిపోయాను.

అన్నీ కావని మొదటి సాయంత్రమే తెలిసింది. ఒక దుకాణంలో మాహా బ్లాంకా అనే స్వీటు కనిపించింది. తెల్లగా, మధ్యలో మొక్కజొన్న గింజలతో, జున్నుముక్కలా వణుకుతోంది. కోకోనట్ మిల్కేనా అని అడిగాను. "యెస్ మామ్, గతా" అంది అమ్మాయి. రెండు చెంచాలు తిన్నానో లేదో పెదవులు చురచురలాడాయి, మెడ మీద దద్దుర్లు లేచాయి. డాక్టర్ రాసిచ్చిన మాత్ర వేసుకుని, అడ్రినలిన్ ఇంజెక్షన్ ఉన్న సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మేనకోడలు నా పక్కనుంచి కదల్లేదు. అదృష్టం, అక్కడితో ఆగింది.

ఆ అమ్మాయి అబద్ధం చెప్పలేదు. అందులో గతా, అంటే కొబ్బరిపాలు ఉన్నాయి. దాంతోపాటు గాతస్ కూడా ఉంది, అంటే మామూలు పాలు, డబ్బాలో వచ్చే కండెన్స్‌డ్ మిల్క్ రూపంలో. నేనే సగం ప్రశ్న అడిగాను.

ఆ రాత్రి మేనకోడలు ఒక అట్టముక్క మీద అక్కడివాళ్లు మాట్లాడే బిసాయా భాషలో రాసిచ్చింది: పాలు, చీజ్, వెన్న ఏవీ వద్దు, నాకు అలర్జీ అని. పాలు పడే లెచే ఫ్లాన్, ఉబే హలాయా, హాలో హాలో లాంటి స్వీట్లు ఎలాగూ నావి కావు. బిబింకా అనే బియ్యప్పిండి కేకు మీద వెన్న, చీజ్ వేస్తారు. దురియన్ పండు నాకు పరవాలేదు కానీ (వాసన సంగతి వేరే!), దురియన్ చాక్లెట్ల పొట్లాలు తిప్పి చూస్తే చాలావాటిలో పాలే. నాన్ డెయిరీ అని రాసిన క్రీమర్ పొడిలో కూడా సోడియం కేసినేట్ కనిపించింది. అది పాల ప్రొటీనే.

మర్నాడు పొద్దున్నే బంకెరోహాన్ మార్కెట్‌కి వెళ్లాం. అక్కడ పుతో మాయా అమ్ముతారు. జిగురుబియ్యాన్ని కొబ్బరిపాలు, అల్లం, ఉప్పుతో ఉడికించి ముద్దగా చేసి అరిటాకులో పెడతారు. పక్కన పండిన మామిడిముక్క. దాంతోపాటు సిక్వాతె, అంటే కోకో బిళ్లలు నీళ్లలో మరిగించిన పానీయం. దాన్ని బాతిరోల్ అనే కర్రతో రెండు అరచేతుల మధ్య గిరగిరా తిప్పుతుంటే అచ్చం మా అమ్మమ్మ కవ్వమే. నురగ పైకి పొంగింది.

అట్ట చూపించాను. అమ్మే ఆవిడ పెదాలు కదుపుతూ చదివింది. సిక్వాతెలో కొందరు పాలు పోయించుకుంటారట, బల్ల మీద ఆ డబ్బా, దాని పక్కనే చెంచా ఉన్నాయి. ఆవిడ ఇంకో గిన్నె తీసి కడిగి, అందులో నాకు విడిగా కాచింది. అల్లం ఘాటు, మామిడి తీపి, కోకో చేదు ఒకదాని వెనక ఒకటి తగులుతుంటే, అరిటాకు మీద ఒక్క మెతుకు మిగల్లేదు. వేరేవాళ్ల చేతి తీపి భయం లేకుండా తిని ఎన్నేళ్లయిందో.

మూడో రోజు అట్ట తియ్యబోతుంటే ఆవిడ వద్దన్నట్టు చెయ్యి ఊపింది. పాల డబ్బా తీసి బల్ల కింద పెట్టి, "వాలయ్ గాతస్" అంది. పాలు లేవు అని. ఆ మాట నాకు అప్పటికే బాగా వచ్చు.