తొక్కితే పాడే పియానో: నా రిపేరు అనుభవం

ఒహాయోలో తెలిసినవాళ్ళు ఇల్లు ఖాళీ చేస్తూ బేస్‌మెంట్‌లో ఉన్న 1920ల నాటి ప్లేయర్ పియానో (బెజ్జాలున్న పేపర్ రోల్ ఎక్కిస్తే తనంతట తానే వాయించేది) ఊరికే తీసుకెళ్ళమన్నారు. ఒకప్పుడు ఇవి తెగ అమ్ముడయ్యాయి, రేడియో వచ్చి, ఆపైన 1929 ఆర్థిక మాంద్యం దెబ్బ తగిలి మూలనపడ్డాయి. ఇప్పుడు పియానో ఫ్రీయే, ఖర్చంతా మోసేవాళ్ళకే.

తెలియనివాళ్ళకి చెప్తా. కింద పెడల్స్ తొక్కితే తిత్తులు గాలి పీలుస్తాయి, ఊదవు, చాలామంది తికమకపడేది ఇక్కడే. పేపర్ రోల్ ఇత్తడి బార్ మీదుగా జరుగుతుంటే రోల్‌లో బెజ్జం బార్ బెజ్జం మీదకి రాగానే గాలి ట్యూబ్‌లోకి దూరి లోపలి తోలు పౌచ్‌ని లేపుతుంది, అది వాల్వ్ తెరుస్తుంది, ఆ నోటు (స్వరం) తాలూకు చిన్న తిత్తి టక్కున ముడుచుకుంటే హ్యామర్ తీగని కొడుతుంది. ఇలాంటివి 88.

మా దానికి ఎవరో ఎప్పుడో ఎలక్ట్రిక్ సక్షన్ మోటార్ బిగించారు. ముందు అది పీకేశా. ఒరిజినల్‌గా ఇది కాళ్ళతో తొక్కేదే, గట్టిగా తొక్కితే గట్టిగా, మెల్లగా తొక్కితే మెల్లగా పలుకుతుంది, మోటార్ పెడితే ఆ ముచ్చటే ఉండదు.

అసలు తంటా జిగురుతో. తిత్తుల మీది రబ్బరు గుడ్డ అప్పడంలా విరిగిపోతోంది. సరేసుతో (జంతు చర్మాల నుంచి తీసే పాతకాలపు జిగురు) అంటించినవి కాస్త వేడి, తేమ చూపిస్తే ఊడొచ్చాయి. మధ్యలో ఎవరో ఒక వరస తిత్తులకి తెల్ల జిగురు పూశారు, అవి మాత్రం చెక్క చీలి వచ్చాయే తప్ప జిగురు వదల్లేదు! అందుకే నేను మళ్ళీ సరేసే వాడా, నా తర్వాత విప్పేవాడు కూడా ఉంటాడుగా. నీళ్ళ గిన్నెలో పెట్టి 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచాలి, మరిగితే పట్టు పోతుంది. ఆ వాసనకి మా ఆవిడ నన్ను గరాజ్‌లోకి తోలేసింది. ఇంకోటి, చిన్న తిత్తులకి పల్చటి గుడ్డ, పెడల్ తిత్తులకి మందంది, రెండిటికీ ఒకటే కొంటే పని చెడుతుంది. ట్యూబులు పీకేముందు ఒక్కోదానికీ నంబర్ వేసుకోండి.

బిగించాక టెంపో (రోల్ వేగం) 70 పెడితే పేపర్ నిమిషానికి 7 అడుగులు నడవాలి, మాది పరిగెత్తింది, వేగాన్ని అదుపు చేసే గవర్నర్ స్ప్రింగ్ సర్దాక దారికొచ్చింది. బేస్‌లో ఒక నోటు ఆగకుండా మోగింది, చూస్తే గాలి వదిలే సన్న బెజ్జంలో దుమ్ము.

రోల్స్‌కి బెంగ లేదు, 1908లో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోలో అమెరికా కంపెనీలు ఒకే కొలతకి ఒప్పుకున్నాయి కాబట్టి 88 నోట్లది ఎవరిదైనా ఎక్కుతుంది. అంచులు నలిగిన రోల్స్ మాత్రం పక్కకి జరిగి పక్క నోట్లు పలికిస్తున్నాయి, ఆ ట్రాకింగ్ సంగతి వచ్చే సమ్మర్‌లో చూస్తా.