షకుహాచి సాధన: ముందు ఒక్క స్వరం

మన వేణువు అలవాటున్నవాళ్లు జపాన్ వెదురు వేణువు షకుహాచి పట్టగానే రాగం వెతుకుతారు. కొన్నాళ్లు ఆ జోలికి పోకండి. జెన్ బౌద్ధంలోని ఫుకె శాఖకు చెందిన కొముసో భిక్షువులు, ముఖం కనబడకుండా బుట్టలాంటి టోపీ పెట్టుకుని, దీన్ని ధ్యానంగా ఊదేవారు. ఆ సాధన పేరు సుయిజెన్. 1871లో మెయిజీ ప్రభుత్వం ఆ శాఖను రద్దు చేసినా, వాళ్ల హొంక్యొకు రచనలు గురుశిష్య పరంపరలో నిలిచాయి.

మామూలు షకుహాచి పొడవు 54.5 సెం.మీ. ముందు నాలుగు, వెనక ఒకటి, అయిదే రంధ్రాలు. అన్నీ మూస్తే పలికేది ‘రో’, మన లెక్కలో రెండు శ్రుతి. కింది నుంచి ఒక్కొక్కటీ తెరుస్తూ పోతే స గ మ ప ని, అచ్చం శుద్ధ ధన్యాసి మెట్లు.

పట్టు ఇలా. పైకొనను కింది పెదవి కింది గుంటలో ఆనించండి, అటువైపు గడ్డమే మూత. పెదవుల మధ్య సన్నటి చీలిక వదిలి, గాలిని ఎదుటి వాలు అంచుకి తగిలించాలి. పలకకపోతే గట్టిగా ఊదకండి, తల తిరుగుతుంది. వాద్యాన్ని రవ్వంత పైకీ కిందికీ జరిపి అంచు వెతకండి. రో బదులు పై స్థాయి పలుకుతోందంటే పెదవులు బిగిశాయన్నమాట.

రోజూ మొదటి పది నిమిషాలు రో ఒక్కటే. దీన్ని రోబుకి అంటారు. పొట్ట నిండా గాలి తీసి, ఒకే ఊపిరిని చివరిదాకా వదలండి. స్వరం సన్నబడి, ఉత్త గాలిగా మారి ఆగేవరకు వినాలి. నాకు తెలిసి ఈ వాద్యంలో ఇంతకు మించిన పాఠం లేదు. తుత్తుకారం, అంటే నాలుకతో స్వరాన్ని విడగొట్టడం, వద్దు; ఒకే స్వరం మళ్లీ పలకాలంటే వేలితో రంధ్రాన్ని తట్టి విడదీస్తారు.

తర్వాత మెరి. గడ్డం దించితే స్వరం దిగుతుంది. కింది మొదటి రంధ్రం తెరిస్తే వచ్చే గాంధారం ‘త్సు’. దాన్ని మెరి చేసి, ఆ రంధ్రాన్ని చాలావరకు మూస్తే శుద్ధ రిషభం వస్తుంది. చాలామందికి దిగదు, ఎందుకంటే తలతోపాటు వాద్యమూ వంగిపోతుంది. వాద్యం కదలకూడదు, పెదవి అంచుకి దగ్గరవ్వాలి. మెరిలో నాదం మసకబారుతుంది. అది లోపం కాదు, హొంక్యొకు అందంలో సగం ఆ మసకే. నిషాదాన్నీ ఇలాగే ధైవతానికి దించితే స రి మ ప ద, కర్ణాటక శుద్ధ సావేరి మెట్లు.

ఇక విజయవాడ సంగతి. ఫ్యాన్ కింద సాధన కుదరదు, ఆ గాలి అంచు దగ్గర ఊపిరిని చెదరగొడుతుంది. కృష్ణ ఒడ్డున ఘాట్ల మీద కూడా అంతే, గాలికి వీపు పెట్టి కూర్చుంటే కొంత నయం. వేసవిలో తెల్లవారుజామే మేలు. 22 డిగ్రీల దగ్గర శ్రుతి చేసిన వాద్యం 35 డిగ్రీలకు అర స్వరంలో మూడో వంతు దాకా పైకి పోతుంది. యాప్‌లో తంబూరా శ్రుతిని ఆ మేరకు పెంచుకోండి, గడ్డం దించి సర్దుకోవడం అలవాటైతే మెరి పాడవుతుంది.

వడగాలికీ ఏసీకీ వెదురు ఎండి చీలుతుంది. ఊదాక దారం కట్టిన గుడ్డతో లోపల తడి తుడిచి, కాస్త ఆరనిచ్చి, పాలిథిన్ సంచిలో పెట్టి మూయండి. వానాకాలంలో తడితోనే మూస్తే బూజు పడుతుంది.