కుట్టు వదిలిన మడమ

2022 ఏప్రిల్‌లో మిద్దె మీద ఆరబోసిన మిరపకాయలు ఎత్తి, నిచ్చెన దిగుతూ జారాను. బరువంతా కుడి మడమ మీద పడింది. కర్నూలులోని ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి, మడమ ఎముక మూడు ముక్కలైందన్నారు. వాపు దిగేదాకా పది రోజులు ఆగి, బయటి పక్కన కోసి ప్లేటు, స్క్రూలు వేశారు. నేను బట్టలు కుడతాను. మేము వాడే ఎల్ స్కేలు పెట్టి గీసినట్టే ఉండింది ఆ కోత.

మూడో వారంలో కోత మలుపు దగ్గర చర్మం నల్లబడి కుట్టు వదిలింది. బొట్టు బొట్టుగా రసి కారేది. మడమ పక్కన చర్మం పలుచన, దాని కింద కండ లేదు, ఆ మూలకు రక్తం సరిగా అందదు. ఇదంతా తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం పైపుండేనంటూ మాత్రలు రాశారు. వేసుకున్నన్నాళ్లు ఆరేది, ఆపిన వారానికి మళ్లీ కారేది. ఇలా నాలుగు నెలలు గడిచాయి.

ఇంట్లో పథ్యం సరేసరి. చీము పడుతుందని అత్తమ్మ పప్పు, గుడ్డు, వంకాయ మాన్పించారు. నన్ను స్నానాల గదికి దాదాపు మోసుకుపోయిన మనిషి ఆమె, ఆ ప్రేమను నేనెన్నడూ శంకించలేదు. కానీ చారన్నంతో నేను చిక్కి శల్యమయ్యాను.

సెప్టెంబరులో మరో డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఎముక అతుక్కుందనీ, ఒక స్క్రూ చుట్టూ నల్లని వలయం కనబడుతోందనీ ఎక్స్‌రేలో చూపించారు. చీము పుట్టేది చర్మంలో కాదు, ఎముకలో. ఆస్టియోమైలైటిస్ అన్నారు. క్రిములు లోహం మీద పొరలా అంటుకుంటాయి, ఆ పొరలోకి మందు సరిగా వెళ్లదు. “చీకిపోయిన అంచు మీద కుట్టు నిలుస్తుందా అమ్మా?” అని అడిగారు. నా పని తెలిసే అన్నారో లేదో గానీ, నాలుగు నెలల్లో నాకు అర్థమైన మొదటి మాట అదే.

ఆ తర్వాత ఆయన చెప్పిన మాటకు మాత్రం గుండె జారింది. రెండు వారాలు అన్ని యాంటీబయాటిక్ మాత్రలూ ఆపాలన్నారు. ఒంట్లో మందు ఉంటే ల్యాబులో క్రిమి పెరగకపోవచ్చు, ఏ క్రిమో తెలియనిదే సరైన మందు ఎంచలేరు. ఆ పద్నాలుగు రోజులు రసి ఎక్కువై, రోజుకు మూడుసార్లు కట్టు మార్చాం. జ్వరం వస్తే వెంటనే రమ్మన్నారు కాబట్టి రాత్రుళ్లు నుదురు తడుముకుంటూ పడుకునేదాన్ని. లోపల ప్లేటు ఉండి, మాత్రలు ఆపగానే మళ్లీ మళ్లీ కారే పుండు ఎవరికైనా ఉంటే, ఎముక ముక్క తీసి పరీక్షకు పంపమని దయచేసి అడగండి. నేను అడగలేదు.

ఆపరేషన్‌లో ప్లేటు తీసి, చచ్చిన ఎముకను గోకి, నాలుగైదు చోట్ల నుంచి ముక్కలు ల్యాబుకు పంపారు. ఖాళీలో మందు కలిపిన, కరిగిపోయే పూసలు నింపారు. ఐదో రోజు రిపోర్టు వచ్చింది: స్టెఫైలోకోకస్ ఆరియస్. చేతిలో సన్నని గొట్టం అమర్చి, ఆరు వారాలు సెఫజోలిన్ అనే యాంటీబయాటిక్. ఉదయం ఆరింటికి, మధ్యాహ్నం రెండింటికి, రాత్రి పదింటికి పక్క వీధి నర్సమ్మ వచ్చి ఎక్కించేది. రెండో వారంలో గాయం నుంచి తెల్లని నీరు కారితే మళ్లీ చీమేనని ఏడ్చాను. పూసలు కరిగేటప్పుడు అలా కారడం మామూలేనట! ఆ సంగతి ముందే చెప్పి ఉంటే ఒక రాత్రి నిద్ర మిగిలేది.

గాయం మానాలంటే మాంసకృత్తులు కావాలనీ, పప్పూ గుడ్డూ తప్పక పెట్టమనీ డాక్టరు అత్తమ్మతో నేరుగా చెప్పారు. ఆమె మారు మాట్లాడలేదు.

ఒంట్లో వాపు ఎంతుందో చూపే రక్తపరీక్ష, సీఆర్‌పీ, 46 నుంచి 5కి దిగింది. చంకకర్రలు వదిలి, సంక్రాంతి తర్వాత మిషను పెడలు మీద కాలు పెట్టాను. పాదం పక్కలకు సరిగా తిరగదు. కేసీ కాలువ గట్టు మీద ఎగుడుదిగుడు నేలలో ఇప్పటికీ నొప్పే. ఈ జబ్బు ఏళ్ల తర్వాత కూడా తిరగబెట్టవచ్చు, అందుకే మచ్చను గమనిస్తూ ఉండమన్నారు. ఆ పని అత్తమ్మ తీసుకున్నారు. నా స్నానం కాగానే మడమను వెలుతురులోకి తిప్పి, వేలితో నొక్కి, పొడిగా ఉందని చూసుకుని వంటింట్లోకి వెళ్లి పప్పు పొయ్యి మీద పెడతారు.