హోటల్ అన్నం డ్రమ్ములు

"అన్నా, అంతా మంచి అన్నమే. డ్రమ్ముకు ఎంతో కొంత ఇవ్వు చాలు" అంటూ ఆటో అబ్బాయి మా పందుల షెడ్డు గేటు దగ్గరే హోటల్లో మిగిలిన అన్నం డ్రమ్ము మూత తీశాడు. పైన బిర్యానీ. కర్రతో కెలికితే కింద ఎముకలు. ఏ మాంసమో వాడికీ తెలీదు.

వద్దని పంపించేశా.

షెడ్డు చూసుకునే బాబాయికి కోపం వచ్చింది. "దాణా రేటు చూశావా అబ్బాయ్?" అన్నాడు. నిజమే, ఖర్చులో సింహభాగం దాణాదే. కానీ 2020లో అస్సాం, అరుణాచల్‌లో ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ (పందులకొచ్చే వైరస్ జబ్బు) బయటపడినప్పటి నుంచి ఈ డ్రమ్ములంటేనే నాకు గుబులు. జబ్బు పంది మాంసం సరిగ్గా ఉడకని ముక్క ఒక్కటి ఇందులో ఉన్నా చాలు, మా పందులకు ఆ జబ్బు అంటడానికి. దానికి మందు లేదు. వచ్చిందంటే షెడ్డు మొత్తం చంపి పూడ్చాల్సిందే. (మనుషులకు అంటదు లెండి, కంగారు పడకండి.)

మరగబెట్టి పెట్టొచ్చుగా అంటారు. కనీసం అరగంట కళపెళా మరగాలి. అన్ని డ్రమ్ములు రోజూ ఎవరు కాస్తారు, కట్టెలెవరిస్తారు?

పైగా రెండు సూడి పందులకు పొదుగులు దిగాయి, రేపో ఎల్లుండో ఈనేలా ఉన్నాయి. ఈ టైములో కొత్త టెన్షన్ నావల్ల కాదు. పిల్లల వెచ్చదనానికి బల్బులు బిగించాలి, ఉంటా.